అమెరికా రోగి కాగితానికున్న విలువ మన రోగి కాగితానికి లేదా?

హైదరాబాదు అమీర్‌పేటలో మేడల మీద "మెడికల్ కోడింగ్ నేర్పబడును" అన్న బోర్డులు కనిపిస్తాయి. బి.ఎస్సీ., బి.ఫార్మసీ, నర్సింగు వంటి చదువులు చదివి, ఉద్యోగం దొరకని పల్లెటూరి యువతీ యువకులు అక్కడ కొన్ని నెలలు శిక్షణ పొంది కంపెనీలలో చేరుతున్నారు. ఆ ఉద్యోగం ఏమిటో ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులలో చాలామందికి తెలియదు. "మావాడు కంప్యూటరు ఉద్యోగం చేస్తున్నాడు" అని మాత్రం నలుగురిలో చెప్పుకుంటారు.

ఆ పని ఏమిటంటే, అమెరికా ఆస్పత్రులలో చికిత్స పొందిన రోగుల కాగితాలు చదివి ప్రతి జబ్బుకూ, ప్రతి చికిత్సకూ నిర్ణయించిన అంకెల గుర్తు వేయడం. ఆ గుర్తులను బట్టే అక్కడి బీమా కంపెనీలు, ప్రభుత్వ వైద్య పథకాలు ఆస్పత్రులకు డబ్బు చెల్లిస్తాయి. గుర్తు తప్పితే డబ్బు ఆగుతుంది. అందుకే ఒక్కొక్క కాగితాన్నీ వడ్లలో రాళ్ళు ఏరినట్టు చూడవలసి ఉంటుంది.

ఇక్కడే ఒక విడ్డూరం ఉంది. అమెరికాలో ఎక్కడో ఉన్న ముసలాయన గుండె జబ్బు ఏ రకమో, ఎందుకు వచ్చిందో, ఎప్పటినుంచి ఉన్నదో అక్కడి డాక్టరు సరిగా రాశాడా లేదా అని మన పిల్లలు కళ్ళు కాయలు కాచేలా వెతుకుతున్నారు. అదే పిల్లవాడి తండ్రి ఆయాసంతో పట్నం ఆస్పత్రిలో వారం రోజులుండి ఇంటికి వస్తే, చాలాసార్లు చేతిలో ఉండే చీటీ మీద "హార్ట్ ఫెయిల్యూర్" అని రెండు ముక్కలు, కింద నాలుగు మందుల పేర్లు. శ్రద్ధగా అన్నీ రాసి ఇచ్చే డాక్టర్లు లేకపోలేదు. కాని అది డాక్టరు మంచితనం మీద ఆధారపడి ఉందే తప్ప, రోగికి తప్పనిసరిగా దక్కే వస్తువుగా లేదు. దీపం కింద చీకటి అంటే ఇదే.

రెండు ముక్కలు చాలవు

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోతున్నదనుకుని ఇంటిల్లిపాదీ బెంబేలెత్తుతారు. కొందరు గుండెపోటూ ఇదీ ఒకటేననుకుంటారు. రెండూ పొరపాటే. గుండెపోటు అంటే గుండె కండరానికి రక్తం అందించే నాళం పూడుకుపోవడం. హార్ట్ ఫెయిల్యూర్‌లో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, కాని ఒంటికి కావలసినంత రక్తాన్ని తోడలేకపోతుంది. అందువల్ల ఊపిరితిత్తులలో నీరు చేరి ఆయాసం వస్తుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, లేచి కూర్చుంటే కాస్త నయమనిపిస్తుంది. పాదాలు వాస్తాయి. నాలుగడుగులు వేస్తే అలుపు వస్తుంది. పల్లెల్లో దీన్ని "పంపింగ్ తగ్గింది" అంటున్నారు. ఈ మాటే అసలు సంగతికి దగ్గరగా ఉంది.

అయితే ఇది దానంతట అది పుట్టిన జబ్బు కాదు. వేరే జబ్బులు ముదిరి చివరకు ఇక్కడికి తెస్తాయి. ఏళ్ళ తరబడి అదుపులో లేని రక్తపోటు, ఎప్పుడో వచ్చి వెళ్ళిన గుండెపోటు, చిన్నతనంలో కీళ్ళ జ్వరం వల్ల దెబ్బతిన్న గుండె కవాటాలు, ఎడతెగని తాగుడు, కొందరు స్త్రీలలో కాన్పు సమయంలో గుండె కండరం బలహీనపడటం, ఇలా కారణాలు అనేకం. కవాటం చెడితే ఆపరేషను అవసరం కావచ్చు. రక్తనాళం పూడితే దానికి వేరే చికిత్స. తాగుడు కారణమైతే సీసా మానకుండా ఏ మందూ నిలవదు. కారణం రాయని చీటీ చూసి తరవాతి డాక్టరు ఏ దారి పట్టాలి?

రకాలు కూడా ఉన్నాయి. రైతులకు మోటారు సంగతి తెలుసు. మోటారు బలం తగ్గినా పొలానికి నీరు చాలదు. బావిలోకి ఊట సరిగా రాకపోయినా నీరు చాలదు. పైకి చూస్తే రెండింటిలోనూ మడి ఎండుతుంది. మరమ్మతు చేసేవాడికి మాత్రం రెండూ ఒకటి కావు. గుండె విషయమూ అంతే. కొందరికి గుండె గట్టిగా ముడుచుకుని రక్తాన్ని నెట్టలేదు. కొందరికి గుండె బిరుసెక్కి, విప్పుకుని రక్తాన్ని నింపుకోలేదు. ఎకో పరీక్షలో ఈ తేడా తెలుస్తుంది. నిండిన రక్తంలో నూటికి ఎన్ని పాళ్ళు బయటికి నెట్టిందో చెప్పే అంకెనే పంపింగ్ శాతం అంటారు. అది 40 లేక అంతకు తక్కువైతే బలం తగ్గిన రకం. 41 నుంచి 49 వరకు మధ్య రకం. 50, అంతకు పైన ఉండి కూడా జబ్బు ఉన్నదని తేలితే బలం నిలిచిన రకం. బిరుసెక్కిన గుండెలు ఎక్కువగా ఇందులోనే కనిపిస్తాయి. మందులన్నీ అన్ని రకాలకూ ఒకే విధంగా పనిచేయవు. బలం తగ్గిన రకంలో ఆయుష్షు పెంచుతాయని తేలిన కొన్ని మందులు బలం నిలిచిన రకంలో అంత మేలు చేయవు. రక్తపోటుకు వాడే కొన్ని మందులు బలం తగ్గిన గుండెకు కీడు చేస్తాయి కూడా.

అక్కడ ఎలా చూస్తున్నారు?

జబ్బులకు పట్టీ కట్టే పద్ధతి కొత్తది కాదు. 1893లో జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంకవేత్త చావు కారణాల పట్టీని తయారుచేసి వివిధ దేశాల ముందు పెట్టాడు. 1948 నుంచి ఆ పట్టీ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. దాని పదో కూర్పును అమెరికా తనకు తగినట్టు విస్తరించుకుని 2015 అక్టోబరు 1 నుంచి ఆస్పత్రులలో వాడుతున్నది.

అందులో హార్ట్ ఫెయిల్యూర్ గుర్తు ఐ 50. దీని పక్కన చుక్క పెట్టి 2 వేస్తే ముడుచుకునే బలం తగ్గిన రకం, 3 వేస్తే విప్పుకోలేని రకం, 4 వేస్తే రెండూ ఉన్న రకం. ఆ పక్కన ఇంకొక అంకె ఉంటుంది. 1 అంటే అప్పటికప్పుడు ముంచుకొచ్చినది, 2 అంటే చాలాకాలంగా ఉన్నది, 3 అంటే పాతదే ఒక్కసారిగా ముదిరినది. రోగికి రక్తపోటు కూడా ఉంటే, కాదని డాక్టరు రాస్తే తప్ప, దానివల్లనే గుండె దెబ్బతిన్నదని లెక్క కట్టి ముందు ఆ గుర్తు వేయాలి. మూత్రపిండాల దీర్ఘకాల జబ్బు ఉంటే మరొక గుర్తు. డాక్టరు ఏ వివరమూ రాయకుండా హార్ట్ ఫెయిల్యూర్ అని వదిలేస్తే వేసే గుర్తు 50.9. వివరం ఇవ్వలేదు అని దాని అర్థం. మన చీటీలలో చాలా వాటికి గుర్తు వేయవలసి వస్తే ఈ 50.9 తప్ప మరొకటి వేయడానికి వీలుండదు.

ఇందులో ఒక మంచి నియమం ఉంది. ఎకో కాగితంలో పంపింగ్ 25 అని స్పష్టంగా ఉన్నా సరే, కాగితం చదివే ఉద్యోగి తనంతట తాను జబ్బు రకాన్ని తేల్చకూడదు. డాక్టరే రాయాలి. రాయకపోతే ఆస్పత్రి తరఫున డాక్టరుకు ప్రశ్న పంపుతారు. "మీ రోగికి పంపింగ్ ఇంత ఉన్నది, నీరు తగ్గే ఇంజెక్షను ఇచ్చారు, జబ్బు ఏ రకమో రాయగలరా?" అని అడుగుతారు. ఫలానా విధంగా రాస్తే డబ్బు ఎక్కువ వస్తుందని ఆ ప్రశ్నలో సూచించడం తప్పు. డాక్టరు జవాబు కూడా రికార్డులో ఉంటుంది. అంటే సగం రాసిన కాగితాన్ని వెనక్కి తిప్పి అడిగే మనిషి అక్కడ ఉన్నాడు. ఆ మనిషి కొన్నిసార్లు మన తెలుగు పిల్లవాడే కావడం గమనార్హం.

అమెరికా ఆస్పత్రులు ధర్మబుద్ధితో మాత్రమే ఇదంతా చేస్తున్నాయనుకుంటే పొరపాటు. వివరం రాస్తేనే పూర్తి డబ్బు వస్తుంది గనుక రాస్తున్నాయి. డబ్బు కోసం లేని జబ్బులను, ఉన్నదానికంటే ముదిరిన జబ్బులను రాసిన ఆస్పత్రులను, బీమా కంపెనీలను అక్కడి ప్రభుత్వం కోర్టుకు ఈడ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఆ రోగాన్ని మనం దిగుమతి చేసుకోనవసరం లేదు. రోగి గురించి తెలిసినదంతా కాగితం మీద ఉండాలన్న పట్టుదలను మాత్రం తెచ్చుకోవచ్చు.

ఇక్కడ జరుగుతున్నది

చీటీలో సగమే రాస్తే నష్టం ఎక్కడ జరుగుతుంది? ఊళ్ళోనే జరుగుతుంది. పట్నం నుంచి వచ్చిన రోగి పది రోజులకు నీరసంగా ఉందంటాడు. ఇంటివాళ్ళు ఊరి ఆర్.ఎం.పి.ని పిలుస్తారు. నీరసానికి సెలైను ఎక్కించడం పల్లెల్లో ఆనవాయితీ. మామూలు మనిషికి ఆ సీసా పెద్దగా కీడు చేయకపోవచ్చు. గుండె తోడలేక ఇప్పటికే నీరు నిలిచిన మనిషికి మాత్రం అది ఊపిరితిత్తులను ముంచే వరద. మోకాళ్ళ నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్ వంటి ఇంజెక్షన్లు, మాత్రలు కూడా ఒంట్లో నీరు నిలిచేలా చేసి ఈ జబ్బును ముదరబెడతాయి. "ఈ రోగికి సెలైను ఎక్కించరాదు, నొప్పి మందులు వాడరాదు" అని చీటీ మీద తెలుగులో ఒక్క వాక్యం ఉంటే ఆర్.ఎం.పి. చేయి ఆగుతుంది, ఇంట్లో కోడలు కూడా అడ్డు చెప్పగలుగుతుంది.

మందుల సంగతీ అంతే. కాళ్ళవాపు తగ్గగానే నీటిమాత్ర మానేసేవారు ఎందరో. జబ్బు పోయిందనుకుంటారు. ఇది చాలాకాలం ఉండే జబ్బు అని, మందులు డాక్టరు చెప్పకుండా ఆపరాదని కాగితంలో లేదు. చెప్పిన మాట బస్సు దిగేసరికి గుర్తుండదు. నెల తిరగకుండా మళ్ళీ ఆయాసం, మళ్ళీ ఆటో, మళ్ళీ ఆస్పత్రి. ఈసారి వెళ్ళేది వేరే ఆస్పత్రి అయితే పాత చీటీలో ఏమీ లేదు గనుక ఎకోతో సహా పరీక్షలన్నీ మళ్ళీ మొదలు. పంట అమ్మిన డబ్బు పరీక్షలకే పోతుంది.

2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైన నాటినుంచి పేదవాడి పెద్ద చికిత్సకు కాగితమే ఆధారమైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ఆ పథకానికి ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు మారింది. పేరు ఏదైనా, అనుమతి కోరేటప్పుడూ, బిల్లు చెల్లించేటప్పుడూ చూసేది కాగితాలనే. జబ్బు పేరు సగం ఉంటే ప్రశ్నలు వస్తాయి, ఆలస్యం జరుగుతుంది. ఆ ఆలస్యం భరించేది మంచం మీద ఉన్న మనిషి.

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో దేశమంతటా డిజిటల్ ఆరోగ్య పథకం ప్రారంభించి, ఆభా పేరుతో ప్రతి మనిషికీ 14 అంకెల నంబరు ఇస్తున్నది. మంచిదే. కాని సగం రాసిన చీటీని కంప్యూటరులోకి ఎక్కించినంత మాత్రాన అది పూర్తి చీటీ కాదు. రెండు ముక్కలు కాగితం మీద నుంచి తెర మీదకు మారతాయి, అంతే.

చావు కాగితంలోనూ అదే తీరు

మనిషి పోయాక కూడా ఈ రెండు ముక్కలు వదలవు. ఆస్పత్రిలో మరణిస్తే డాక్టరు నాలుగో నంబరు ఫారంలో కారణం రాయాలి. చనిపోయే తీరును కాక, చావుకు దారితీసిన జబ్బును రాయాలని ఆ ఫారంలోనే ముద్రించి ఉంది. రాయకూడని దానికి ఉదాహరణగా హార్ట్ ఫెయిల్యూర్ పేరే అక్కడ ఇచ్చారు. ఎందుకంటే ఏ కారణంతో పోయిన మనిషికైనా చివరకు గుండె ఆగుతుంది. అది కారణం కాదు. రక్తపోటా, కవాటం జబ్బా, గుండెపోటా అన్నది కింది వరుసలో రాయాలి. అయినా "గుండె, ఊపిరి ఆగి మరణం" అని రాసి చేతులు దులుపుకునే అలవాటు దేశంలో చాలా చోట్ల పోలేదు.

2020లో దేశంలో నమోదైన మరణాలలో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతం మాత్రమే. అంటే నూటికి డెబ్బయ్యేడు మంది ఎందుకు పోయారో వైద్యుడి మాట లేదు. ధ్రువీకరించిన వాటిలో గుండె, రక్తనాళాల జబ్బుల వాటా మూడో వంతుకు దగ్గరగా ఉంది. ఏ మండలంలో రక్తపోటు మనుషులను తీసుకుపోతున్నదో, ఎక్కడ కీళ్ళ జ్వరం పిల్లల గుండెలు పాడుచేస్తున్నదో తెలియనిదే ప్రభుత్వం మందులు ఎక్కడికి పంపాలి? డాక్టర్లను ఎక్కడ వేయాలి? 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించారు. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి అన్ని వైద్య సంస్థలూ మరణ కారణ పత్రాన్ని ఉచితంగా ఇవ్వాలి, దగ్గరి బంధువుకు ఒక ప్రతి అందజేయాలి. ఈ సంగతి ఎన్ని ఇళ్ళకు తెలుసు?

డాక్టర్ల ఇబ్బంది నిజమే, కాని...

ఓ.పి. ముందు బారులు తీరిన జనం, ఖాళీగా ఉన్న పోస్టులు, గుక్క తిప్పుకోనివ్వని డ్యూటీలు. ఇన్నింటి మధ్య డాక్టరు వ్యాసాలు రాస్తూ కూర్చోలేడన్నది ఒప్పుకోవలసిన మాటే. కాని అడుగుతున్నది వ్యాసం కాదు. అమెరికా వారిలా వేల గుర్తులు నేర్చుకోమనీ కాదు. అడుగుతున్నది ఐదే ఐదు వరుసలు.

ఒకటి, జబ్బు రకం, ఎకోలో వచ్చిన పంపింగ్ శాతం, పరీక్ష చేసిన తేదీ. రెండు, జబ్బుకు కారణం. తెలియకపోతే ఇంకా తేలలేదు అన్న మాట. మూడు, కొత్తగా వచ్చినదా, పాతదే ముదిరిందా. నాలుగు, రక్తపోటు, షుగరు, మూత్రపిండాల జబ్బు వంటివి తోడున్నాయా. ఐదు, ఇంటికి పంపేనాటి బరువు, మందుల మోతాదు, చేయకూడని పనులు. ఈ ఐదు వరుసలూ ముందే అచ్చువేసిన కాగితం ఉంటే నింపడానికి ఎక్కువ సేపు పట్టదు. ఐదో వరుస తెలుగులో ఉండాలి. డాక్టరుకు తీరిక లేకపోతే నర్సు చేత రాయించి సంతకం చేయవచ్చు.

పూర్తిగా రాసినందువల్ల డాక్టరుకు కూడా మేలే. రేపు ఏదైనా జరిగి బంధువులు నిలదీస్తే ఆయనను కాపాడేది ఆ కాగితమే. నోటితో ఎంత చెప్పినా, కాగితం మీద లేనిది జరగనట్టే లెక్క.

చేయవలసినది

జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులు ఈ ఐదు వరుసల కాగితాన్ని ప్రభుత్వ ఆస్పత్రులన్నింటిలో అమలు జరపాలి. పథకం కింద చికిత్స చేసే ప్రైవేటు ఆస్పత్రులకూ ఇదే షరతు పెట్టాలి. రోగి ఇంటికి వచ్చాక ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఆ కాగితం చూసి వారానికొకసారి బరువు, వాపు గమనించాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు బరువు పెరిగితే అది తిండి బలం కాదు, ఒంట్లో చేరిన నీరు. వెంటనే డాక్టరుకు చూపాలి.

రోగుల బంధువులు కూడా నోరు విప్పాలి. డిశ్చార్జి రోజున బిల్లు ఎంతైందని అడుగుతారు, మందులు ఎక్కడ దొరుకుతాయని అడుగుతారు. జబ్బు పూర్తి పేరేమిటని అడగరు. అడగడం తప్పు కాదు, హక్కు. వైద్యుల నడవడికి 2002లో చేసిన నిబంధనల ప్రకారం ఆస్పత్రిలో చేరిన రోగి రికార్డును మూడేళ్ళు భద్రపరచాలి. రోగి కోరితే 72 గంటల్లో ప్రతులు ఇవ్వాలి. ఇచ్చిన కాగితాలను పొలం పాసుపుస్తకంతో సమానంగా దాచుకోవాలి. ఒకే సంచిలో తేదీల వరుసన పెట్టి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా వెంట తీసుకువెళ్ళాలి. ఊళ్ళో ఆర్.ఎం.పి. వచ్చినా ముందు ఆ సంచి చూపాలి.

ఇక కోడింగు కంపెనీలలో పనిచేస్తున్న యువతీ యువకులు. వారు డాక్టర్లు కారు, మందులు మార్చే అధికారం వారికి లేదు. కాని కాగితంలో ఏది ఉండాలో, ఏది లేదో వారికి తెలిసినంతగా ఊళ్ళో మరెవరికీ తెలియదు. పండుగకు ఊరు వచ్చినప్పుడు ఇంట్లోని పెద్దల ఫైలు, ఇరుగుపొరుగు ఫైలు ఒకసారి తిరగేసి, లేనివి ఏమిటో ఒక కాగితం మీద రాసి ఇస్తే, తరవాతిసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు డాక్టరును అడగడానికి వారికి ధైర్యం వస్తుంది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన పిల్లలు రచ్చ గెలిచారు. ఇల్లు ఇంకా మిగిలే ఉంది.

ప్రభుత్వం కోట్లు ఖర్చు పెట్టి కొత్త యంత్రాలు తెస్తున్నది. తేవలసిందే. కాని ఆ యంత్రం చెప్పిన సంగతి రోగి చేతిలోని కాగితం మీదకు రాకపోతే ఆ ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే. ఐదు వరుసలు రాయడానికి బడ్జెటు అక్కరలేదు, అసెంబ్లీ తీర్మానం అక్కరలేదు. ఒక ఉత్తర్వు, ఒక కలం చాలు. అధికారులు ఇకనైనా ఆ ఉత్తర్వు ఇచ్చి పల్లె రోగి చేతికి పూర్తి కాగితం అందేలా చూడాలి.